వెబ్‌సైటు ఫ్లెక్సీ కాదు

చీరల కొట్టులో చీరను ఊరికే చూపించరు. మడత విప్పి పరుస్తారు, కొంగు తీసి చేతి మీద వేస్తారు, ఆ తర్వాత అంచు పట్టి తిరగేస్తారు. “చూడక్కా, పైన ఎట్లున్నదో కింద గూడ అట్లనే ఉన్నది. ఇది అద్దకం కాదు, నూలుకే రంగు పట్టించి నేసింది” అంటారు. పోచంపల్లిలోనైనా, పుట్టపాకలోనైనా, గద్వాలలోనైనా బేరం కుదిరేది ఆ మాటల దగ్గరే. అదే కొట్టు వెబ్‌సైటు తెరవండి. చీర ఫొటో, దాని కింద ఒక కోడ్ నంబరు, ధర, వాట్సాప్ గుర్తు. మాటలన్నీ కౌంటర్ మీదే ఉండిపోయాయి.

ఫొటోలు గూగుల్‌లో పైకి రావాలంటే ఏం చేయాలని మనవాళ్లను అడిగితే రెండే జవాబులు వినిపిస్తాయి. ఫలానా ప్లగిన్ వెయ్యి, సైజు తగ్గించు. రెండూ చేయాల్సినవే, లెక్కలతో సహా కింద చెబుతాను. కానీ అది మూడో పని. మొదటి పని మాట, రెండోది గూగుల్ ఆ బొమ్మ దాకా వచ్చే దారి, ఫైలు బరువు ఆ తర్వాత. మన సైట్లు చాలావరకు ఈ వరసను తలకిందులు చేసి, మూడో పనితోనే ఆగిపోతున్నాయి.

కారణం ఫ్లెక్సీ అలవాటు. పుట్టినరోజైనా, ఎలక్షనైనా, కొత్త షోరూమైనా మనకు ఫ్లెక్సీయే. పేరు, ఫోన్ నంబరు, ఆఫరు, అడ్రసు అన్నీ ఒకే బొమ్మలో కుక్కేస్తాం. వెబ్‌సైటు మొదటి పేజీలో కదిలే స్లైడర్ కూడా ఆ చేతులతోనే తయారవుతుంది. దీని వెనక సాంకేతికమైన చిక్కు కూడా ఉంది. తెలుగు డీటీపీ ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీద నడిచింది. అవి యూనికోడ్ కావు. ఫైలు లోపల ఉండేది వేరే అక్షరాల సంకేతాలు, ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఆ మేటర్‌ను కాపీ చేసి వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు పడతాయి. దాంతో నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల డీటీపీ షాపులో కూర్చున్న తమ్ముడు దగ్గరి దారి పడతాడు, మొత్తాన్ని జేపీజీ చేసి పంపేస్తాడు. ఓనరు కంటికి అక్షరాలు చక్కగానే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

“గూగుల్ బొమ్మలోని అక్షరాలు కూడా చదువుతుంది కదా, లెన్స్ చదువుతలేదా?” అనే ప్రశ్న వస్తుంది. చదవగలదు. అయినా ముఖ్యమైన మాటను బొమ్మలో పెట్టొద్దని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతుంది. బొమ్మలోని ఫోన్ నంబరును వేలితో నొక్కితే కాల్ పోదు. పేజీని అనువదించే పరికరం బొమ్మలోని మాటను వదిలేస్తుంది. చూపు లేనివాళ్ల కోసం తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ అక్కడికి వచ్చేసరికి తడబడుతుంది. 1920 పిక్సెళ్ల వెడల్పుతో చేసిన పోస్టరు ఫోన్ తెర మీదికి కుదించుకుపోతే అందులో ఆఫరు వివరాలు ఆవగింజంత అవుతాయి.

కాబట్టి అను ఫాంట్ల మేటర్‌ను యూనికోడ్‌కు మార్చండి. మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, కానీ ఒత్తులూ సున్నాలూ అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఒకసారి మనిషి చదవాల్సిందే. ఇంకా సులువైన పద్ధతి జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని, కౌంటర్ దగ్గర కస్టమర్‌కు చెప్పే మాటలనే ఫోన్‌కు చెప్పడం. చీరకు అర నిమిషం పడుతుంది. తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు.

ఇక్కడ ఒక ముచ్చట. గూగుల్ ఇమేజెస్ పుట్టిందే ఒక బట్ట వల్ల. 2000 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల సభకు అమెరికా గాయని జెన్నిఫర్ లోపెజ్ వేసుకొచ్చిన ఆకుపచ్చ గౌనును జనం విపరీతంగా వెతికారు. వాళ్లకు కావాల్సింది గౌను ఫొటో, గూగుల్ దగ్గర ఉన్నవి నీలి లింకులు. 2001 జులైలో ఇమేజ్ సెర్చ్ వచ్చింది. ఈ సంగతి తర్వాత గూగుల్ మాజీ సీఈఓ ఎరిక్ ష్మిట్ స్వయంగా చెప్పాడు. బట్టను జనం కంటితో వెతుకుతారని పాతికేళ్ల కిందే తేలిపోయింది, మన సరుకు కూడా బట్టే.

గూగుల్ బొమ్మను ఒంటరిగా తూచదు. ఆ బొమ్మ ఏ పేజీలో ఉంది, పేజీ శీర్షిక ఏమిటి, బొమ్మ పక్కన, కింద ఏం రాసి ఉంది, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో కోడ్‌లో రాసే వివరణ) ఏమిటి, ఫైలు పేరు ఏమిటి అన్నవి కలిపి చూస్తుంది. బొమ్మలో ఉన్నది చీరా, చెట్టా అన్నది యంత్రమే పోల్చుకోగలదు. అది గద్వాల చీర అనీ, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అనీ, రెండింటినీ కలిపిన తీరు కుప్పడం అనీ మనం చెబితేనే నిక్కచ్చిగా తెలుస్తుంది. 200 ఫొటోలను ఒకే గ్యాలరీలో గుప్పించి, పైన “మా కలెక్షన్” అని రాసిన పేజీ అన్నిటికన్నా బలహీనమైనది. ఎక్కువ రోజులు అమ్మే ప్రతి రకానికీ సొంత పేజీ ఉండాలి.

ఆల్ట్ టెక్స్ట్ దగ్గర రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి “చీర” అని రాసి ఊరుకోవడం. రెండోది “పోచంపల్లి చీర నల్లగొండ చీర పట్టుచీర తక్కువ ధర చీర” అని దట్టించడం. దీన్ని గూగుల్ స్పామ్ కింద చూస్తుంది, టాక్‌బ్యాక్‌లో వినేవాళ్లకు అది నరకం. ఫొటో చూడలేని మనిషికి ఫోన్‌లో చెబుతున్నట్టు ఒక్క వాక్యం రాయండి: “ఎర్రటి నేల మీద తెలుపు, నలుపు చౌకళ్ల డబుల్ ఇక్కత్ పట్టుచీర, కొంగు విప్పి పరిచినది.” తర్వాతి ఫొటోకు మళ్లీ అదే అతికించకండి. “అదే చీర వెనకవైపు, రంగులు పైవైపు లాగే నిండుగా ఉన్నాయి” అని రాయండి. గీతలు, పూల మూలలు, బాణం గుర్తుల వంటి అలంకారపు బొమ్మలకు ఆల్ట్‌ను ఖాళీగా ఉంచాలి, కానీ ఆల్ట్ అనే గుణాన్ని అసలు రాయకుండా వదిలేయకూడదు. వదిలేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరును పొడవునా చదివి వినిపిస్తాయి.

కంటికి కనిపించేది ఆల్ట్‌లోకి, చేతికి తెలిసేదీ చెవికి వినిపించేదీ బొమ్మ కింది పేరాలోకి. నేను పాటించే గీత ఇదే. పుట్టపాక తేలియా రుమాలు సంగతే తీసుకోండి. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెడతారు, బట్టకు ఆ నూనె వాసన పడుతుంది, పేరు కూడా దాని వల్లే వచ్చింది. ఏ కెమెరా పట్టలేని సంగతి అది. పేరాలో రాయకపోతే ఆ పేజీకి, పక్కనున్న ప్రింటు రుమాలు పేజీకి తేడా యంత్రానికి కనపడదు.

ఊళ్ల పేర్ల దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. పోచంపల్లి నల్లగొండ జిల్లా నుంచి యాదాద్రి భువనగిరికి వెళ్లింది, గద్వాల జోగులాంబ గద్వాల జిల్లా అయింది. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వేరుపడింది. వెతికేవాళ్లు మాత్రం పాత పేరూ కొత్త పేరూ రెండూ కొడతారు. పేరాలో ఒకసారి “ఒకప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా” అని సహజంగా రాస్తే చాలు, ప్రతి ఆల్ట్‌లోనూ జిల్లా పేరు కుక్కనక్కర్లేదు. పుట్టపాక ఉన్నది సంస్థాన్ నారాయణపురం మండలంలో, నారాయణపేట చీర అక్కడిది కాదు. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి యంత్రాన్ని తికమక పెట్టొద్దు. పానగల్ ఇంకా తమాషా. నల్లగొండ పక్కన పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, వనపర్తి జిల్లాలో పాన్‌గల్ కోట ఉంది. ఉత్త “పానగల్” అని పేరు పెట్టిన ఫొటో ఎక్కడిదో ఎవరికి తెలియాలి? “నల్లగొండ పానగల్ ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడి, లింగం వెనక గోడ మీద నిలువుగా పడిన స్తంభం నీడ” అని రాస్తే తగువే లేదు. ఆ గుడికి వచ్చేవాళ్లు వెతికేది కూడా ఆ నీడనే.

ఫైలు పేరుకు ఉన్న విలువ కొద్దిదే. అయినా కెమెరా పెట్టిన నంబరు కన్నా, వాట్సాప్ అంటించే తేదీ, “డబ్ల్యూఏ” తోక కన్నా అర్థమున్న పేరు మేలు. తెలుగులోనే పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, గూగుల్ చదువుతుంది. ఇబ్బంది మనకే. తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, లింకులోకి వెళ్లేసరికి ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిసి 3 అక్షరాలు అవుతుంది. “పోచంపల్లి” అన్న మాటలో గుణింతాలు, పొల్లు విడదీస్తే 9 సంకేతాలు. అంటే లింకులో 81 అక్షరాలు. దాన్ని వాట్సాప్‌లో పంపితే చూసినవాడు వైరస్ అనుకుంటాడు. అందుకే ఫైలు పేరు ఇంగ్లీషు లిపిలో, చిన్న అక్షరాల్లో, మాటల మధ్య అడ్డగీతతో పెట్టండి. తెలుగును ఆల్ట్‌లో, పేరాలో పెట్టండి. అయితే సైట్లో ఇప్పటికే ఉన్న వేల ఫైళ్ల పేర్లు మార్చే పనికి మాత్రం దిగకండి. బొమ్మల లింకులను గూగుల్ తరచుగా తిరిగి చూడదు. పేరు మారితే కొత్తదాన్ని పట్టుకోవడానికి నెలలు పట్టవచ్చు, దక్కే లాభం పిసరంత.

దారి సంగతి

మాట బాగుండి కూడా బొమ్మ కనిపించకపోతే దారి మూసుకుపోయిందని అర్థం. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇది: థీమ్ తయారుచేసినవాళ్లు బొమ్మను సీఎస్ఎస్ (పేజీ రూపం దిద్దే కోడ్) బ్యాక్‌గ్రౌండ్‌గా పెడతారు. కంటికి తేడా తెలియదు, కానీ సీఎస్ఎస్‌లోని బొమ్మలను గూగుల్ ఇండెక్స్ చేయదు. చీర ఫొటో, గుడి ఫొటో, హోటల్ గది ఫొటో ఏదైనా సరే ఇమేజ్ ట్యాగ్‌లో, సోర్స్ లింకుతో ఉండాల్సిందే.

తర్వాతిది పాతకాలపు లేజీ లోడింగ్ స్క్రిప్టులు, అంటే తెర మీదికి వచ్చేదాకా బొమ్మను దించకుండా ఆపేవి. ఇవి అసలు లింకును వేరే గుణంలో దాచి, మనిషి కిందికి జరిపినప్పుడు బయటకు తీస్తాయి. సైట్లన్నీ తిరిగి చూసే గూగుల్ రోబో జరపదు, నొక్కదు. “ఇంకా చూడండి” అన్న బటన్ వెనక ఉన్న 40 చీరలు దానికి లేనట్టే. బ్రౌజర్‌కే లేజీ లోడింగ్ వచ్చాక, అంటే క్రోమ్‌కు 2019లో, సఫారీకి 2022లో, ఆ స్క్రిప్టుల అవసరం తీరిపోయింది. పేజీలవారీగా నంబర్లతో లింకులు పెట్టడం పాత పద్ధతే కానీ దారి తెరిచి ఉంచుతుంది.

మూడోది రోబోట్స్ ఫైలు, సైటులో ఏమేం చూడొచ్చో ఆ రోబోకు చెప్పేది. సైటు తయారయ్యేటప్పుడు అప్‌లోడ్స్ ఫోల్డరుకు అడ్డం పెట్టి, తర్వాత తీయడం మరిచిపోతారు. సైటు ఓనర్లకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ పెట్టె ఉంటుంది. చీర పేజీ లింకు అందులో వేసి, లైవ్ టెస్ట్ కొట్టి, గూగుల్ చూసిన కోడ్‌లో ఇమేజ్ ట్యాగ్ లోపల మీ ఫొటో లింకు ఉందో లేదో వెతకండి. మొదటి రెండు రోగాలూ దీంతో బయటపడతాయి, రోబోట్స్ అడ్డం ఉంటే అదే పరీక్షలో లోడ్ కాని రిసోర్సుల జాబితాలో కనపడుతుంది.

ఇమేజ్ సైట్‌మ్యాప్ (గూగుల్‌కు ఇచ్చే బొమ్మల లింకుల జాబితా) పెడితే మంచిదే, ఒక్కో పేజీ కింద 1,000 బొమ్మల దాకా ఇవ్వొచ్చు. అయితే ఒకప్పుడు అందులో శీర్షిక, వివరణ, ఊరు, లైసెన్సు రాసే ట్యాగులు ఉండేవి. 2022లో గూగుల్ వాటిని తీసేసింది. బొమ్మ లింకు మాత్రమే మిగిలింది. మాట పేజీలోనే ఉండాలని దీనికన్నా గట్టిగా ఎవరు చెబుతారు? ఫొటోలో జీపీఎస్ లొకేషన్ గుచ్చి లోకల్ ర్యాంకు పెంచుతామని డబ్బులు గుంజేవాళ్లు ఇప్పటికీ తిరుగుతున్నారు. గూగుల్ ఇచ్చే ఇమేజ్ మార్గదర్శకాల్లో అలాంటి పద్ధతే లేదు. పైగా మగ్గం దగ్గర తీసిన ఫొటోలో ఆ లొకేషన్ ఉంటే, నేత కార్మికుడి ఇంటి గడప దాకా లోకానికి దారి చూపినట్టే. అప్‌లోడ్‌కు ముందే తీసేయండి.

ఇక బరువు

ఫోన్ కెమెరా మామూలుగా తీసే 12 మెగాపిక్సెల్ ఫొటో 4000 గుణించు 3000 పిక్సెళ్లు, 3 నుంచి 5 ఎంబీ. చూసే ఫోన్ తెర సీఎస్ఎస్ లెక్కలో 360 వెడల్పు, సాంద్రత 3 రెట్లు అనుకుంటే 1080 పిక్సెళ్లు. రెండు వరసల గ్రిడ్‌లో అయితే ఒక్కో చీరకు 540 చాలు. గ్రిడ్‌లో 20 చీరలు ఉంటే అసలు ఫొటోలతో 80 ఎంబీ, ఒక్కోటి 50 కేబీకి తెస్తే 1 ఎంబీ. సెకనుకు 10 మెగాబిట్ల నెట్ మీద ఒక్క 4 ఎంబీ ఫొటో దిగడానికే 3.2 సెకన్లు. పేజీలో అతి పెద్ద బొమ్మ లేదా పేరా 2.5 సెకన్లలోపు కనపడితేనే “బాగుంది” అని గూగుల్ కొలత, దాన్ని ఎల్‌సీపీ అంటారు. ఒక్క స్లైడర్ పోస్టరుతోనే పరీక్ష తప్పాం.

చీరల సైటుకు పనికొచ్చే వెడల్పులు 480, 800, 1200, 1600. గ్రిడ్ బొమ్మ 30 నుంచి 60 కేబీ, పేజీలో పెద్ద బొమ్మ 100 నుంచి 200, జూమ్ కోసం దారం కనిపించే దగ్గరి ఫొటో 400 దాకా పోనివ్వొచ్చు. ఈ నాలుగు వెడల్పుల ఫైళ్లనూ సోర్స్‌సెట్‌లో (ఒకే బొమ్మకు పలు సైజుల లింకులు ఇచ్చే గుణం) ఇస్తే బ్రౌజరు తనకు తగ్గది ఎంచుకుంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: పక్కన బొమ్మ తెర మీద ఎంత వెడల్పు ఉంటుందో చెప్పే “సైజెస్” రాయరు. అది లేకపోతే బొమ్మ తెర మొత్తం వెడల్పున ఉంటుందని బ్రౌజరు అనుకుంటుంది, సగం తెర గ్రిడ్‌కు కూడా పెద్ద ఫైలే తెచ్చుకుంటుంది. సోర్స్‌సెట్ ఉన్నా పేజీ బరువు తగ్గకపోతే ముందు చూడాల్సింది అదే. మామూలు సోర్స్ లింకు కూడా తప్పక ఉంచాలి.

ఫార్మాట్ విషయంలో ఇంటర్నెట్ అంతా ఒకే మంత్రం జపిస్తుంది, అన్నిటినీ వెబ్‌పీ చేయమని. ఇక్కడ నాకు పేచీ ఉంది, ఎందుకంటే మన సరుకు ఎరుపు.

జేపీఈజీ, వెబ్‌పీ వంటివి బొమ్మను వెలుగు, రంగు అని రెండుగా విడదీస్తాయి. మనిషి కన్ను వెలుగులోని తేడాను బాగా పడుతుంది, రంగులోని తేడాను అంతగా పట్టదు. అందుకని బరువు తగ్గించడానికి మామూలుగా ప్రతి 4 పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు విలువ దాస్తాయి. దీని పేరు 4:2:0. ముఖం ఫొటోకు, చెరువు ఫొటోకు దీనివల్ల నష్టమేమీ లేదు. ముదురు ఎరుపు నేల మీద నల్లని సన్న గీతలు ఉన్న ఇక్కత్‌కు, మెరూన్ గళ్ల నారాయణపేట చీరకు మాత్రం నష్టమే. అక్కడ ఎరుపుకూ నలుపుకూ వెలుగులో తేడా తక్కువ, ఉన్న తేడా అంతా రంగులోనే. రంగును నాలుగో వంతుకు కోయగానే గీత పక్క గీతలోకి కారిపోతుంది.

అది అందానికి సంబంధించిన గొడవ మాత్రమే అనుకోవద్దు. అసలు ఇక్కత్‌ను పట్టించేది బొమ్మ అంచు. చిటికి కట్టి రంగు ముంచిన నూలు పడుగులో, పేకలో కలిసేటప్పుడు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది, దాంతో ప్రతి చౌకడి అంచూ ఈకలాగా నూగుగా ఉంటుంది. ప్రింటు చీర అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. కొనేవాళ్లు జూమ్ చేసి చూసేది ఆ నూగునే. క్వాలిటీ 40 పెట్టి పిండేసిన ఫొటోలో ఆ నూగు ముద్దగా మారుతుంది, చేత్తో నేసిన 12 వేల చీర 800 రూపాయల ప్రింటు చీరలా కనపడుతుంది.

సాధారణ వెబ్‌పీకి 4:2:0 తప్ప వేరే దారి లేదు. జేపీఈజీకి, ఏవీఐఎఫ్ అనే కొత్త ఫార్మాట్‌కు 4:4:4 ఉంది, అంటే ప్రతి పిక్సెల్‌కూ దాని రంగు దానికే. స్క్వూష్ అనే ఉచిత పరికరం బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. అందులో ఫొటో వేసి, ముందు వెడల్పు 1200కు తగ్గించండి, తగ్గించే పద్ధతి లాంక్జోస్ ఉంచండి. నాసిరకం పద్ధతితో తగ్గిస్తే సన్న గళ్ల మీద అలలు అలలుగా మొయిరే పుడుతుంది. తర్వాత మోజ్‌జేపీఈజీ ఎంచుకుని, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో క్రోమాను, అంటే రంగు విలువలను, దానంతట అదే తగ్గించే టిక్కు తీసేసి, పక్కన విలువ 1 పెట్టండి. క్వాలిటీ 75 దగ్గర మొదలుపెట్టి, మధ్య గీతను జరుపుతూ ఎర్రటి అంచు దగ్గర రెండు వైపులా పోల్చండి. వెబ్‌పీయే వాడక తప్పదంటే షార్ప్ అని మొదలయ్యే ఆర్‌జీబీ మార్పిడి టిక్కు పెట్టండి, కొంత నయం. ఫోన్ తీసిన ఫొటో కూడా 4:2:0లోనే ఉండి ఉండవచ్చు కదా అంటే, నిజమే. కానీ 4000 నుంచి 1200కు కుదించేసరికి ఆ చిన్న సైజుకు సరిపడా రంగు మిగిలే ఉంటుంది. రెండోసారి కోసేదే చెడగొడుతుంది.

ఏవీఐఎఫ్‌ను గూగుల్ సెర్చ్ 2024 ఆగస్టు నుంచి తీసుకుంటోంది, వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి తీసుకుంటోంది. దగ్గరి ఫొటోలకు నేను దానికే ఓటు వేస్తాను. దూరం ఫొటోలకు, గుళ్లకు, పిల్లలమర్రి ఊడలకు, సాగర్ డ్యామ్‌కు వెబ్‌పీ హాయిగా సరిపోతుంది. ఫొటోలకు పీఎన్‌జీ మాత్రం ఎన్నడూ వద్దు. అది లోగోలకు, స్క్రీన్‌షాట్లకు.

రంగు మారిపోవడానికి ఇంకో దొంగ ఉంది, కలర్ ప్రొఫైల్. ఐఫోన్లు ఫొటోను డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో దాస్తాయి. సైజు తగ్గించే పరికరం ఆ రంగులను వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీలోకి మార్చకుండా ప్రొఫైల్‌ను ఒక్కదాన్నే పీకేస్తే, నెమలి నీలం వెలిసిపోయి కనపడుతుంది. చీర చేతికందాక “ఫొటోలో ఈ రంగు లేదు” అని వెనక్కి పంపుతారు. ముందు ఎస్ఆర్‌జీబీకి మార్చాలి, ఆ తర్వాతే మిగతా డేటా తీసేయాలి. ఐఫోన్‌లో కెమెరా ఫార్మాట్‌ను “మోస్ట్ కంపాటిబుల్”కు మార్చుకుంటే హెచ్ఈఐసీ బదులు జేపీఈజీ వస్తుంది. గూగుల్ ఇమేజెస్ తీసుకునే ఫార్మాట్ల జాబితాలో హెచ్ఈఐసీ లేదు.

నేత దగ్గర్నుంచి కొట్టుకు ఫొటోలు వచ్చేది వాట్సాప్‌లోనే. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. మీరు ఎక్కించిన ఫొటో నుంచి అది చిన్న సైజులు తానే కోసి, క్వాలిటీ 82తో మళ్లీ కుదిస్తుంది. ముందే పిండేసిన ఫొటో ఎక్కిస్తే రెండుసార్లు పిండినట్టు. స్క్వూష్‌లో 1200కు తగ్గించినది కాకుండా, 2000 నుంచి 2400 పిక్సెళ్ల వెడల్పున్న మంచి ప్రతిని ఎక్కించి, కోత పని దానికే వదిలేయండి. 2560 దాటితే తనే తగ్గిస్తుంది.

ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు రాయండి. రాయకపోతే బొమ్మ దిగేదాకా దాని చోటు సున్నా, దిగగానే పేజీ ఎగిరిపడుతుంది, “కొనండి” నొక్కబోయిన వేలు ఇంకోచోట పడుతుంది. ఈ కుదుపు కొలత సీఎల్ఎస్, 0.1 దాటకూడదు. ఇంకో మాట: లేజీ లోడింగ్‌ను తెరవగానే కనిపించే మొదటి పెద్ద బొమ్మకు పెట్టొద్దు. ప్లగిన్లు కొన్ని గుడ్డిగా అన్నిటికీ పెట్టేస్తాయి. ఆ ఒక్కదానికి లేజీ తీసేసి, ఫెచ్ ప్రయారిటీ “హై” పెట్టండి.

వాటర్‌మార్కు గురించి కొట్లాట తప్పదు, చెప్పేస్తాను. పక్క కొట్టువాళ్లు ఫొటో ఎత్తుకుపోతారన్న భయం న్యాయమైనదే. కానీ చీర నడిమధ్య అడ్డంగా పేరు గుద్దితే దొంగ కన్నా ముందు కొనేవాళ్లు పోతారు. గూగుల్ షాపింగ్‌లో సరుకు పెట్టే మర్చంట్ సెంటర్‌లో అయితే ప్రొడక్ట్ ఫొటో మీద వాటర్‌మార్కు, ఆఫరు రాతలు నిషేధం, సరుకును తిరస్కరిస్తారు. ఫొటో మీద “దసరా ఆఫర్ 30%” అని వేసే ఫ్లెక్సీ బుద్ధికి అక్కడ నేరుగా దెబ్బ. హక్కు చెప్పుకోవాలంటే ఫొటో ఫైలు లోపలే ఉండే ఐపీటీసీ మెటాడేటాలో ఫొటో తీసినవాళ్ల పేరు, కాపీరైటు మాట నింపండి. గూగుల్ ఇమేజెస్ వాటిని చదివి చూపించగలదు. జీపీఎస్ తీసేసేటప్పుడు ఇది పోకుండా చూసుకోండి.

అయినా అసలు దొంగతనం మనలో మనమే చేసుకుంటున్నాం. ఒక మాస్టర్ వీవర్ గ్రూపులో పెట్టిన అవే ఫొటోలను ఇరవై కొట్లు తమ సైట్లలో ఎక్కిస్తాయి. ఒకేలాంటి బొమ్మలు గుంపుగా దొరికితే గూగుల్ అన్నిటినీ వరసగా చూపించదు, ఒకటో రెండో ఎంచుకుంటుంది. ఆ ఒకటి మీది కావాలంటే ఫొటో మీది కావాలి. స్టూడియో అక్కర్లేదు. పొద్దున 8 నుంచి 10 మధ్య నీడపట్టున వరండాలో, ట్యూబ్‌లైటు ఆపేసి, తెల్లగోడ పక్కన తీస్తే చాలు. మొత్తం చీర ఒకటి, కొంగు ఒకటి, అంచు కలిసే చోట ఒకటి, దారం కనిపించేంత దగ్గరగా ఒకటి, తిరగేసి ఒకటి.

పాత జేపీజీలను కొత్త ఫార్మాట్‌కు మార్చి లింకు మారిపోతే, పాత లింకు నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టాలి. లేకపోతే ఇన్నాళ్లు సంపాదించుకున్న చోటు పోతుంది. ఫలితం చూడటానికి సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, సెర్చ్ టైపును “ఇమేజ్”కు మార్చండి. మామూలుగా తెరిస్తే వెబ్ లెక్కే కనపడుతుంది, చాలామంది దాన్ని చూసే నిట్టూరుస్తారు. బొమ్మల్లో కదలిక నెమ్మది, వారానికే రాలేదని మళ్లీ ఫైళ్ల పేర్లు మార్చొద్దు. మూడు నెలలయ్యాక, ఏ మాటలు కొట్టి జనం ఏ ఫొటో మీదికి వచ్చారో చూడండి. తిరగేసి తీసిన ఫొటో ఉన్న పేజీలను, లేని పేజీలను పక్కపక్కన పెట్టి క్లిక్కులు పోల్చండి.